వాట్సాప్‌లో 35(3) నోటీసు వచ్చింది: స్టేషన్‌కు వెళ్లాలా, వద్దా?

ప్రశ్న (గుంటూరు వాసి):
మా తమ్ముడు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాగా పనిచేస్తున్నాడు. సొమ్ము తీసుకుని సరుకు పంపలేదంటూ పొరుగు రాష్ట్రపు వ్యాపారి ఒకరు పెట్టిన మోసం కేసులో యజమానితో పాటు వాడి పేరు కూడా చేర్చారు. విచారణకు రమ్మంటూ నిన్న సాయంత్రం వాట్సాప్‌లో 35(3) నోటీసు వచ్చింది. వెళితే లోపలే ఉంచేస్తారని అమ్మ భయపడుతోంది. ముందస్తు బెయిలు వచ్చేదాకా ఊళ్లో లేకపోవడమే మంచిదని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (బెజవాడ న్యాయవాది):
ఊరు విడిచి వెళ్లడమే అన్నింటికన్నా చేటు. ఇది పాత సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియ చట్టం)లోని 41-ఏ నోటీసే. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35(3)గా సంఖ్య మాత్రం మారింది. ప్రస్తుతానికి అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడే దీనిని ఇస్తారు. ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 318(4) కింద పెట్టిన మోసం కేసయితే గరిష్ఠ శిక్ష ఏడేళ్లే. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు నమోదు చేయకుండా అరెస్టు చేయడానికి వీలు లేదు. హాజరు కాకపోతే ఆ రక్షణను చేజేతులా పోగొట్టుకున్నట్టే. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసిన మాట నిజమే కాని, ఆ లోపాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోమని నేను ఏ కక్షిదారుకూ చెప్పను. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతిపై ముద్ర వేయించుకుని, చెప్పిన తేదీకి వెళ్లమనండి. సురక్షా సంహితలోని 482 కింద సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు అడగవచ్చు. అయితే ఇలాంటి కేసులలో నోటీసు విధానాన్నే పాటించమని పోలీసులకు చెప్పి పిటిషన్‌ను ముగించడం తరచూ జరుగుతుంది.

జవాబు (విశ్రాంత కోర్టు ఉద్యోగి):
వకీలుగారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. ఎంత మర్యాదగా అడిగినా తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలంపై చెప్పిన మనిషి సంతకం ఉండకూడదని సురక్షా సంహితలోని 181 సెక్షనే చెబుతోంది. సంతకం పెడితే తప్పేమిటని అడిగేవారికి ఇదే సమాధానం. తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబివ్వకుండా ఉండే హక్కు రాజ్యాంగంలోని 20(3) అధికరణం ఇచ్చింది. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు, కాని ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాటలు చెల్లుతాయి. చిట్టా పుస్తకాలు, బిల్లులు రాసేది గుమస్తాయే కనుక మీ తమ్ముడు జాగ్రత్తపడవలసింది ఇక్కడే.

గుంటూరు వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకవేళ అరెస్టే చేస్తే? పెద్ద వకీలును పెట్టుకునే స్తోమత మాకు లేదు.

బెజవాడ న్యాయవాది:
అరెస్టుకు కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలి, మీకు కబురు చేయాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ సమయంలో న్యాయవాదిని కలుసుకోవచ్చు, అయితే ఆసాంతం పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ముందు ఎఫ్ఐఆర్ ప్రతి సంపాదించండి. ఏ సెక్షన్లు పెట్టారో చూస్తే తప్ప ఇంతకుమించి చెప్పలేను.