చెరువుల ఆక్సిజన్ బోర్డు: ఎస్‌ఎస్‌ఈలో టెంప్లేట్ వరుసలు పంపాలా, జేసన్ పంపాలా?

అల్లూరు_బ్యాకెండ్
అల్లూరు వైపు రొయ్యల చెరువులకు లైవ్ బోర్డు కడుతున్నాం. 24 చెరువులు, ఒక్కోదానికి ఒక డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరు, 10 సెకన్లకో రీడింగ్ ఎంక్యూటీటీలో (సెన్సర్ల మెసేజ్ పద్ధతి) వస్తుంది. సర్వర్ స్ప్రింగ్ వెబ్‌ఫ్లక్స్, పేజీలు థైమ్‌లీఫ్ (సర్వర్‌లోనే హెచ్‌టీఎంఎల్ తయారుచేసే టెంప్లేట్లు). ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గితే ఆ చెరువు వరుస ఎర్రబడాలి. వరుసను టెంప్లేట్‌లోనే తయారుచేసి ఎస్‌ఎస్‌ఈలో (సర్వర్ నుంచి బ్రౌజర్‌కు తెగకుండా వచ్చే స్ట్రీమ్) పంపుదామని నేనంటున్నా. జేసన్ (వట్టి డేటా) పంపి బ్రౌజర్‌లో కట్టుకుందామని మిగతావాళ్లు. ఏది నయం?

కావలి_జావా
టెంప్లేటే పంపన్నా. ఎరుపు ఎప్పుడు పడాలన్న రూలు ఒక్కచోటే ఉంటుంది. జేసన్ అయితే మొదటి పేజీకి థైమ్‌లీఫ్‌లో ఒకసారి, అప్‌డేట్లకు జావాస్క్రిప్ట్‌లో ఇంకోసారి అదే వరుస రాయాలి. రేపు 4ను 4.5 చేస్తే ఒకచోట మారి రెండోచోట పాతదే మిగులుతుంది.

ఫ్లక్స్‌ను (రీడింగ్‌ల ప్రవాహాన్ని) రియాక్టివ్‌డేటాడ్రైవర్‌కాంటెక్స్ట్‌వేరియబుల్‌లో చుట్టి మోడల్‌లో పెట్టు. రెండో ఆర్గ్యుమెంట్ బఫర్ సైజు, అది 1 ఉండాలి. వదిలేస్తే డిఫాల్ట్ 10, అంటే పది రీడింగ్‌లు పోగయ్యేదాకా బయటికి ఏదీ రాదు. మ్యాపింగ్‌లో ప్రొడ్యూసెస్ టెక్స్ట్/ఈవెంట్-స్ట్రీమ్. వ్యూగా మొత్తం పేజీ ఇవ్వొద్దు, టీహెచ్:ఈచ్ (లూపు) ఉన్న టీఆర్ (టేబుల్ వరుస) ఫ్రాగ్మెంట్ ఒక్కటే ఇవ్వు. పేజీ మొత్తం ఇస్తే లూపుకు ముందున్నది హెడ్ ఈవెంట్‌గా, తర్వాతది టెయిల్ ఈవెంట్‌గా వస్తాయి. ఒక టెంప్లేట్‌కు డేటా డ్రైవర్ (ఇలా చుట్టిన ఫ్లక్స్) ఒక్కటే అని కూడా గుర్తుంచుకో.

ఈవెంట్లకు ప్రిఫిక్స్ పెట్టావంటే మాత్రం బ్రౌజర్‌లో ఆన్‌మెసేజ్ మోగదు. ఈవెంట్ పేరు మారిపోతుంది కాబట్టి యాడ్‌ఈవెంట్‌లిజనర్ రాయాల్సిందే.

గూడూరు_ఫ్రంటెండ్
ఒక్కచోటే రూలు అన్నమాట వినడానికి బాగుంది. డేటా లెక్క చూడండి. 24 చెరువులు, నిమిషానికి ఆరేసి, మొత్తం 144 వరుసలు. టీఆర్ ఒక్కోటి 400 బైట్లనుకుంటే గంటకు దాదాపు 3.5 ఎంబీ. అదే రీడింగ్ జేసన్‌లో 60 బైట్లయితే గంటకు అర ఎంబీ. చెరువు గట్టు మీద సిగ్నల్ ఏపాటిదో అందరికీ తెలుసు.

పైగా వచ్చిన వరుసను వచ్చినట్టే టీబాడీ చివర అతికిస్తే గంటకు 8,640 టీఆర్‌లు. ఆ ఫోన్ ఏమైపోవాలి? ప్రతి వరుసకూ ఐడీ ఇచ్చి అవుటర్‌హెచ్‌టీఎంఎల్‌తో పాతదాన్ని మార్చాలి. అలా మార్చినప్పుడు వరుసలో ఇన్‌పుట్ బాక్స్ ఉంటే టైప్ చేస్తున్నది కాస్తా పోతుంది. జేసన్‌లో అంకె ఉన్న టీడీ (గడి) ఒక్కటే మారుతుంది.

కావలి_జావా
వరుసలో ఇన్‌పుట్ ఉంటుందని ఆయన అనలేదు కదా, అది చూసే బోర్డు. బరువు తగ్గాలంటే క్లాసులు కుదించి టీఆర్‌ను చిన్నది చెయ్యొచ్చు. జేసన్‌తో ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వాడేవాళ్లు ఎస్కేప్ చేయడం మరిచిపోతారు. టీహెచ్:టెక్స్ట్ ఆ పని తనే చేస్తుంది.

ఒంగోలు_రియాక్టర్
మీరిద్దరూ పైపైన కొట్లాడుకుంటున్నారు. ముందు సింక్ (వచ్చిన రీడింగ్‌ను చూస్తున్నవాళ్లందరికీ పంచేది) సంగతి తేల్చండి. చాలామంది మల్టీకాస్ట్ ఆన్‌బ్యాక్‌ప్రెషర్‌బఫర్ పెడతారు. దానికి ఆటోక్యాన్సిల్ డిఫాల్ట్‌గా ఆన్. చూస్తున్న ఆఖరి మనిషి ట్యాబ్ మూశాడంటే సింక్ చచ్చిపోతుంది, తర్వాత తెరిచినవాళ్లకు ఖాళీ బోర్డే. ఎర్రర్ కూడా కనబడదు.

ఇక్కడ చెరువుకొకటి చొప్పున రీప్లే లేటెస్ట్ సింకులు 24 పెట్టి మెర్జ్ చెయ్యాలి. కొత్తగా కలిసినవాడికి ప్రతి చెరువు ఆఖరి రీడింగ్ వెంటనే అందుతుంది. కనెక్షన్ తెగి మళ్లీ కలిసినా అంతే. మధ్యలో పోయిన రీడింగ్‌లతో ఈ బోర్డుకు పనిలేదు కాబట్టి లాస్ట్-ఈవెంట్-ఐడీ (ఎక్కడిదాకా అందిందో చెప్పే నంబరు) తలనొప్పి పోతుంది. థైమ్‌లీఫ్ వేసే ఐడీలు ఎటూ ప్రతి కనెక్షన్‌కూ మొదటి నుంచి మొదలవుతాయి, వాటిని నమ్ముకునేదేముంది!

ఎంక్యూటీటీ కాల్‌బ్యాక్‌లు వేర్వేరు త్రెడ్లలో ఒకేసారి వస్తే ట్రైఎమిట్‌నెక్స్ట్ ఫెయిల్_నాన్_సీరియలైజ్డ్ తిరిగిస్తుంది. రిజల్ట్ చూసుకోకపోతే రీడింగ్ మాయం. ఎమిట్‌నెక్స్ట్‌కు బిజీ లూపింగ్ హ్యాండ్లర్ ఇవ్వండి. రీడింగ్ వచ్చినప్పుడల్లా జేడీబీసీతో డేటాబేస్‌లో రాసే పని ఉంటే బౌండెడ్ఎలాస్టిక్ (బ్లాక్ అయ్యే పనులకు విడి త్రెడ్లు) మీదికి నెట్టండి. నెట్టీ (వెబ్‌ఫ్లక్స్ కింద నడిచే సర్వర్) ఈవెంట్ లూప్ త్రెడ్లు ఉండేదే కొన్ని, అక్కడ బ్లాక్ అయితే అందరి స్ట్రీమూ నిలుస్తుంది.

సూళ్లూరుపేట_ఆప్స్
యాప్ ముందు ఎన్‌జిన్ఎక్స్ (ప్రాక్సీ సర్వర్) ఉంటే ప్రాక్సీ_బఫరింగ్ ఆఫ్, లేదా యాప్ నుంచి ఎక్స్-యాక్సెల్-బఫరింగ్: నో హెడర్. ప్రాక్సీ_రీడ్_టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు. రీడింగ్‌లు వస్తున్నంతసేపు ఏమీ కాదు. చెరువు దగ్గర గేట్‌వే (మీటర్ల రీడింగ్‌లు సర్వర్‌కు పంపే పెట్టె) ఆగిపోతే నిమిషానికోసారి కనెక్షన్ తెగి కలుస్తుంటుంది.

అంతకంటే పెద్ద గొయ్యి ఇంకొకటుంది. నెట్ తెగితే ఈవెంట్‌సోర్స్ (బ్రౌజర్‌లో ఎస్‌ఎస్‌ఈ అందుకునేది) తనే మళ్లీ కలుస్తుంది. కానీ యాప్ రీస్టార్ట్ అవుతున్నప్పుడు ఎన్‌జిన్ఎక్స్ 502 ఇచ్చిందనుకోండి, 200 కాని జవాబు కాబట్టి బ్రౌజర్ ఇక ప్రయత్నించదు. ఆన్ఎర్రర్‌లో రెడీస్టేట్ 2 (మూసేసినట్టు) అయిందేమో చూసి, 5 సెకన్ల తర్వాత కొత్త ఈవెంట్‌సోర్స్ తెరవాలి. టెంప్లేట్ అయినా జేసన్ అయినా ఇది తప్పదు.

హెచ్‌టీటీపీ/1.1 మీద ఒక డొమైన్‌కు ఆరు కనెక్షన్లే. ఆఫీసు కంప్యూటర్లో ఆరు ట్యాబులు తెరిస్తే ఏడోది తెరుచుకోదు. హెచ్‌టీటీపీ/2 పెట్టండి.

గూడూరు_ఫ్రంటెండ్
గేట్‌వే ఆగిపోవడం అన్నారు కదా, నా అసలు అభ్యంతరం అక్కడే ఉండాది. రీడింగ్ రాకపోతే టెంప్లేట్ రెండర్ అవ్వదు. చివరి 5.2 పచ్చగా అట్లే కూర్చుంటుంది. తెల్లవారుజామున, ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకు, దాన్ని చూసి ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) వెయ్యకుండా పడుకుంటారు. 30 సెకన్లు దాటితే వరుస బూడిదరంగు కావాలి, ఆ రూలు బ్రౌజర్‌లోనే రాయాలి. అప్పుడు కావలి అన్న చెప్పిన ఒక్కచోటు ఎక్కడుంది?

హార్ట్‌బీట్ (కనెక్షన్ తెగకుండా అప్పుడప్పుడు పంపే చిన్న లైను) కూడా చూడండి. జేసన్ దారిలో సర్వర్‌సెంట్ఈవెంట్ బిల్డర్‌తో కామెంట్ లైను ఒకటి 15 సెకన్లకోసారి కలిపితే సరి. థైమ్‌లీఫ్‌లో ఫ్లక్స్‌లో పడ్డ ప్రతిదీ లూపులోంచి వరుసగానే బయటికొస్తుంది.

కావలి_జావా
హార్ట్‌బీట్ మాట ఒప్పుకుంటా. బూడిదరంగుకు మాత్రం జేసన్ అక్కర్లా. టీఆర్ మీద ఒక డేటా అట్రిబ్యూట్, పేజీలో ఒక సెట్‌ఇంటర్వెల్, పది లైన్లు. వరుస వచ్చిన టైము గుర్తుపెట్టుకుని లెక్కిస్తే చాలు.

ఒంగోలు_రియాక్టర్
చాలదు. రీప్లే లేటెస్ట్ వల్ల మళ్లీ కలిసినప్పుడు పాత రీడింగే కొత్తగా వచ్చినట్టు దిగుతుంది. గంట కిందటి 5.2కు వచ్చిన టైము ఇప్పుడే అవుతుంది, నిమిషానికోసారి తెగి కలుస్తుంటే బూడిదరంగు నిలవనే నిలవదు. సర్వర్ టైము పంపి ఫోన్ గడియారంతో పోల్చినా, ఆ గడియారం తప్పుంటే అంతే సంగతులు. రెండర్ చేసేటప్పుడే రీడింగ్ వయసును సెకన్లలో అట్రిబ్యూట్‌గా పెట్టండి, వరుస చేరాక గడిచిన సెకన్లు బ్రౌజర్ దానికి కలుపుకుంటుంది.

అల్లూరు_బ్యాకెండ్
వరుసలో బటన్లు, బాక్సులు లేవు, ఉండవు కూడా. కాబట్టి టెంప్లేట్ దారిలోనే పోతున్నా, వయసు అట్రిబ్యూట్‌తో. ప్రాక్సీ_రీడ్_టైమౌట్ గంటకు పెంచుతా, అయితే దాంతో హార్ట్‌బీట్ లోటు పూర్తిగా తీరదు. ఫోన్ లాక్ అయితే ఈ స్ట్రీమ్ ఎలాగూ ఆగుతుంది కనుక 4 కిందికి పడితే సైరన్ గేట్‌వే నుంచే మోగేట్టు వైరింగ్ విడిగా ఉంటుంది.

గూడూరు_ఫ్రంటెండ్
ఏరేటర్ ఆన్/ఆఫ్ బటన్ అదే వరుసలో కావాలని చెరువు ఓనర్లు అడిగిన రోజు ఈ థ్రెడ్ మళ్లీ తెరుద్దాం.