కొండ జలపాతానికి క్వాడ్ బైక్ ట్రిప్పు: మన కడప కోనల్లోకి ఇది కావాలా, వద్దా?

కడపక్క:
అందరికీ నమస్కారం. వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. సిద్ధవటం అవతల లంకమల కొండల కింద ఒక ఊరి నుంచి నాలుగు చక్రాల క్వాడ్ బైకుల మీద కోనలోని జలపాతం దాకా తీసుకుపోయి సాయంత్రానికి వెనక్కి తెస్తారట. ఉదయం 7 గంటలకు మొదలు, ముందొక గైడు, వెనకొక గైడు, మధ్యలో ఆరు బండ్లు, చివర్లో కొంత దూరం బండల మీద నడక, మధ్యాహ్నం ఊళ్లో సంగటి, నాటుకోడి పులుసు. మనిషికి 1,800. కార్తీక మాసంలో మొదలుపెడతామని రాశారు. ఊరి పేరు, కోన పేరు ఇక్కడ కావాలనే రాయడం లేదు, రాస్తే ఆదివారానికి జనం ఎగబడతారు. మా పిల్లలకు 14, 10 ఏళ్లు, పోదాం పోదాం అని ఒకటే గోల. పిల్లలకు అది ఎంతవరకు సేఫ్? అసలు ఆ కొండల్లోకి అట్లాంటి బండ్లు రావడం మంచిదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోనలో నడక:
వద్దమ్మా. మీరూ పోవద్దు, ఇంకొకరినీ పోనివ్వొద్దు. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఆ కోనలకు నడిచిపోతున్నవాణ్ణి, అందుకే చెబుతున్నా. అది లంకమల్లేశ్వర అభయారణ్యం. కలివికోడి అనే పక్షిని 1848లో లోకానికి తెలియజేశారు, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనే అనుకున్నారు, 1986లో మళ్లీ ఇక్కడే, మన సిద్ధవటం పక్క రెడ్డిపల్లి దగ్గర దొరికింది. దాని కోసం తెలుగు గంగ కాలువ దారే మార్చారు. అది దట్టమైన అడవిలో ఉండదు, ముళ్లపొదలు, మధ్యమధ్యలో ఖాళీ నేల ఉండే చిట్టడవిలో, అంటే పొలాలకూ కొండకూ మధ్య ఉంటుంది. ఈ బండ్లు పోవాల్సింది సరిగ్గా ఆ నేల మీదుగానే. చక్రాలు ఆ నేలను దున్నేస్తాయి. ఒకసారి పాడైతే మళ్లీ రాదు.

ప్రొద్దుటూరు మెకానిక్:
పక్షి గురించి నాకు తెలీదు సార్, మీరే చెప్పాలి. నేలను దున్నేస్తాయన్నది మాత్రం ఒప్పుకోను. క్వాడ్ బైకు టైరులో గాలి 4 నుంచి 7 పీఎస్‌ఐ పెడతారు. కారు టైరులో 30 దాటి ఉంటుంది. అంత మెత్తటి, వెడల్పాటి టైరు కాబట్టి బరువు నేల మీద పరుచుకుంటుంది. ఇప్పుడు అదే దారిలో ఇటుకల ట్రాక్టర్లు పోతున్నాయి కదా, వాటినెవరూ అడగరేం?

అనంతపురం బస్సు:
మా పక్క వంకల్లో నీళ్లు చూసి ఎన్నేండ్లయిందో. జలపాతం ఉందంటేనే మీరు అదృష్టవంతులు, దాన్ని కాపాడుకోండి.

కువైట్‌లో రాజంపేట:
అక్కా, పిల్లల సంగతి నేను చెబుతా, దయచేసి పూర్తిగా చదవండి. ఇక్కడ చలికాలం వస్తే ఎడారిలో గుడారాలు వేసుకుంటారు, పక్కనే ఈ బండ్లు అద్దెకిస్తారు. మా రూములో ఉండే తమ్ముడు ఊళ్లో పల్సర్ నడిపినోడు, ఇదేం పెద్ద పని అని ఎక్కాడు. బైకయితే మలుపులో మనం వాలితే బండీ వాలుతుంది. ఇది వాలదు, నాలుగు చక్రాల మీద నిటారుగానే ఉంటుంది, మనమే ఒంటిని లోపలి పక్కకు జరపాలి. చాలా మోడళ్లలో వెనక ఇరుసు ఒకే కడ్డీ, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి, అందుకే సన్నటి మలుపులో బండి నేరుగా పోవాలని చూస్తుంది. యాక్సిలరేటరు బొటనవేలితో నొక్కేది. భయపడితే మనిషి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాడు కదా, ఆ పట్టులో బొటనవేలు ఇంకా నొక్కుకుపోతుంది. వాడికి అదే జరిగింది. చిన్న ఇసుక దిబ్బ అంచున బండి దొర్లి వాడి మీదే పడింది. భుజం ఎముక విరిగింది. అది పావు టన్ను పైన బరువుండే బండి, ఇద్దరం పట్టి లేపాం. అద్దెకిచ్చినోడు హెల్మెట్ ఇవ్వలేదు, డబ్బులు కూడా తిరిగివ్వలేదు.

పెద్ద బండ్లు 16 ఏళ్లలోపు వాళ్లు నడపకూడదని కంపెనీవాళ్లే బండి మీద స్టిక్కరు అంటిస్తారు. చాలా బండ్ల మీద రెండో మనిషిని ఎక్కించుకోకూడదని కూడా ఉంటుంది. సీటు పొడుగ్గా ఉండేది నడిపేవాడు ముందుకూ వెనక్కీ జరగడానికి, వెనక పిల్లోణ్ణి కూర్చోబెట్టడానికి కాదు. ఆస్ట్రేలియాలో పొలం పనులకు అమ్మే కొత్త క్వాడ్ బైకులకు, బోల్తా పడితే మనిషి నలిగిపోకుండా ఆపే చట్రం ఉండాలని 2021 అక్టోబరు నుంచి రూలు పెట్టారు. అంతమంది పోయారు కాబట్టే పెట్టారు.

కడపక్క:
చదువుతుంటేనే చేతులు చల్లబడ్డాయి తమ్ముడూ. ప్రకటనలో ఫోటో చూస్తే ఒక్కో బండి మీద ఇద్దరున్నారు.

కోనలో నడక:
మెకానిక్ గారూ, గాలి లెక్కతో తేలే విషయం కాదిది. నిలబడ్డ బండి బరువు వేరు, ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం గిర్రున తిరిగి మట్టిని వెనక్కి విసిరేది వేరు. పైన కువైట్ తమ్ముడు చెప్పినట్టు రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగితే మలుపు మలుపుకూ ఒకటి నేలను గీక్కుంటూ పోతుంది. ఆ గాడిలో మొదటి వాననీళ్లు పారతాయి, రెండో వానకు అది చిన్న వంక అవుతుంది.

ప్రొద్దుటూరు మెకానిక్:
అది నడిపేవాడి తప్పు. లో గేరులో నిదానంగా ఎక్కితే చక్రం జారదు. 4 పీఎస్‌ఐ అంటే మీ కాలి చెప్పు కింద పడే ఒత్తిడి కన్నా పెద్ద తేడా ఉండదు సార్, లెక్క వేసి చూపిస్తా కావాలంటే.

సిద్ధవటం కుర్రోడు:
ఆ ప్రకటన వేసింది మేమే. నలుగురం కలిసి పెట్టాం, నలుగురం డిగ్రీ చదివి ఊళ్లో ఉన్నోళ్లం. సార్ రాసింది చూస్తే మేమేదో అడవిని కొట్టేయడానికి వస్తున్నట్టు ఉంది. దారి ఇది: ఊరి నుంచి పట్టా పొలాల గట్లు, చెరువు కట్ట, పాత బండ్ల బాట. అభయారణ్యం హద్దు రాయి దగ్గర బండ్లు ఆగిపోతాయి. అక్కడి నుంచి జలపాతానికి నడకే. ఆ నడకకు పర్మిషన్ అడిగాం, వచ్చేదాకా మొదలుపెట్టం. వన్యప్రాణుల చట్టం 1972లో 28వ సెక్షన్ చదవండి, పర్మిషన్ ఇవ్వదగిన పనుల్లో టూరిజం అని స్పష్టంగా ఉంది. ఇద్దరున్న ఫోటో నెట్‌లో తీసుకున్నది, తీసేస్తాం. బండికి ఒక్కరే, హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వం, మణికట్టుకు తాడు కడతాం, మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. పిల్లలకు బండి ఇవ్వం.

కోనలో నడక:
చెరువు కట్ట ఊరందరిదీ, బండ్ల బాట పంచాయతీది. రిజిస్ట్రేషన్ లేని బండి నలుగురు తిరిగే దారిలో నడపకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. మీ బండ్లకు నంబరు ప్లేటు ఉందా? నంబరు లేకపోతే ఇన్సూరెన్స్ ఉండదు. కట్ట మీద ఒక ముసలమ్మకు తగిలితే ఎవరిస్తారు?

సిద్ధవటం కుర్రోడు:
కట్ట మీద తోసుకుని పోతాం, లేకుంటే ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి పొలంలో దించుతాం. దానికీ దారి ఉంది సార్.

ప్రొద్దుటూరు మెకానిక్:
ట్రాక్టరుగా రిజిస్టర్ అయ్యే క్వాడ్ మోడల్ కూడా వచ్చింది మన దేశంలో. ఖరీదు ఎక్కువ, కానీ నంబరు వస్తుంది.

కోనలో నడక:
మోడల్ గురించి కాదు బాబూ నేను మాట్లాడేది. కొండ కిందికి ఒకసారి చక్రం పోయే దారి పడితే ఆ దారిలో రాత్రిపూట ఏం పోతుందో కడప జిల్లాలో తెలియని మనిషి లేడు. ఎర్రచందనం ఎట్లా బయటికి వస్తోంది? ఇట్లాంటి దారుల్లోనే.

పొలతల యాత్రికుడు:
సార్, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సిద్ధవటం కుర్రోడు:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. టైర్లు, పక్షి, నంబరు ప్లేటు అన్నీ పక్కన పెట్టండి. సార్ మనసులో ఉన్నది ఇదీ.

మా నాన్నతో చిన్నప్పటి నుంచీ ఆ కోనకు పోయినోణ్ణి. శివరాత్రికి పోతాం, కలేపండ్ల కాలంలో పోతాం. పోయినేడు సాయంత్రం కొండ దిగి వస్తుంటే ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసేవాళ్లు ఆపారు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. అరచేతులు చూపించమన్నారు, గొడ్డలి పట్టిన కాయలున్నాయేమోనని. తిప్పి తిప్పి టార్చి వేసి చూశారు. చొక్కా వాసన చూశారు. ఫోన్లో నంబర్లన్నీ చదివారు. తెల్లారేదాకా కూర్చోబెట్టి, మా అమ్మ వచ్చి ఏడిస్తే పంపారు. అదే దారిలో అదే వారం కడప నుంచి పదిమంది బ్యాగులు తగిలించుకుని కొండెక్కి దిగారు. వాళ్లను ఎవరూ అరచేతులు అడగలేదు. సార్, మీరెప్పుడైనా మీ అరచేతులు చూపించారా?

మెడలో గైడు కార్డు ఉంటే నా కొండకు నేను తలెత్తుకుని పోవచ్చు. నాకు కావాల్సింది ముందు అది, డబ్బులు తర్వాత. ఆ డబ్బులు కూడా మీ వల్ల రాలేదు. ఇన్నేండ్లుగా నడిచి వస్తున్నారు, సద్ది మూట ఇంటి నుంచే, నీళ్లు ఇంటి నుంచే. మా ఊళ్లో టీ అయినా తాగారా ఎప్పుడైనా?

కోనలో నడక:
నిన్ను దొంగ అనలేదు. దారి గురించి అన్నాను. నీకు జరిగింది అన్యాయమే, దాన్ని నేను సమర్థించను. కానీ నీకు జరిగిన అన్యాయానికి పరిహారం కొండ ఎందుకు కట్టాలి? గైడు కార్డు నడకకైనా ఇస్తారు. నడిపించు, డబ్బులు తీసుకో, మొదటి ఆరు వందలు నేనిస్తా. ఇంజిన్ మోత లేకుండా చెయ్యి.

సిద్ధవటం కుర్రోడు:
నడకకు ఎవరొస్తారు సార్? మీలాంటోళ్లు వస్తారు, మీకు గైడు అక్కర్లేదు. బెంగళూరు నుంచి గండికోట దాకా వచ్చేవాళ్లు ఇటు తిరిగి చూడాలంటే ఏదో ఒకటి ఉండాలి. కోనలో మీకు నిశ్శబ్దం కావాలి. మాకు అక్కడ పని కావాలి. తేడా అంతే.

కువైట్‌లో రాజంపేట:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది, నేను దేశం విడిచి వచ్చింది కూడా పని లేకే. కానీ కార్తీకం అన్నావు చూడు, అక్కడ నాకు గుండె ఆగింది. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లు వచ్చి అన్నమయ్య డ్యామ్ కట్ట కొట్టుకుపోయింది, చెయ్యేరు ఊళ్ల మీద పడింది. మా మేనత్త ఇంట్లో గోడలు కూడా మిగల్లేదు. మన కొండల్లో జలపాతం నిండుగా దూకేదీ, వంక ఉన్నట్టుండి పొంగేదీ ఒకే కాలంలో. మీరు కింద గుండంలో ఆడుతుంటే పైన ఎక్కడ వాన పడిందో ఎవరు చెబుతారు? ఫోన్ సిగ్నలు ఉంటుందా అక్కడ?

సిద్ధవటం కుర్రోడు:
సిగ్నలు ఉండదు. కొండ నెత్తిన మబ్బు పట్టితే ఆ రోజు ట్రిప్పు లేదు, అది మేం చూసి చెప్పగలం. నీళ్లు ఎర్రగా మారి పుల్లలు కొట్టుకొస్తే ఎవరైనా సరే గట్టెక్కాల్సిందే.

కువైట్‌లో రాజంపేట:
1,800 కట్టి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చినోడు మబ్బు చూసి వెనక్కి పోతాడా? గొడవ పడతాడు. అప్పుడు నువ్వు గట్టిగా నిలబడాలి. డబ్బు వెనక్కి ఇస్తామని ప్రకటనలోనే రాయి ముందు.

జీవాలోళ్ల బిడ్డ:
ఇంతసేపు చదువుతూ ఉన్నా. నాదీ ఆ పక్క ఊరే, ఇప్పుడు కడపలో చదువుకుంటున్నా. మా ఇంట్లో గొర్రెలు, మేకలు ఉన్నాయి. సార్‌కు నిశ్శబ్దం కావాలి, అన్నకు పని కావాలి. ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారో ఇద్దరూ అడగలేదు. కోనలో నుంచి వచ్చే నీళ్లు కింద మడుగులో నిలుస్తాయి, సంక్రాంతి దాటినా మా జీవాలు అక్కడే తాగేది. మడుగు ఎండితే మా అమ్మ ఇసుకలో చెలిమ తీస్తుంది. చేత్తో ఇసుక తోడి, బురద నీళ్లు రెండు మూడు సార్లు పారబోసి, తేట ఊరేదాకా పక్కనే కూర్చుంటుంది. ఆ వంకలో ఆరు బండ్లు పోతూ ఆరు బండ్లు వస్తూ దాటితే ఆ రోజంతా తేట ఊరదు. ఇంజిన్ మోతకు మేకలు చెదిరితే ఏరుకొచ్చేది ఎవరు?

అన్నా, పట్టా పొలాల గట్లు అన్నావు. ఆ పట్టాలు ఎవరివి? మాకు సెంటు లేదు. ప్రకటనలో ఊరికి ఆదాయం అని రాశావు, మీరు నలుగురూ ఊరా?

సిద్ధవటం కుర్రోడు:
చెల్లీ, వంక దాటే చోటు మార్చొచ్చు. మడుగుకు దిగువన పాత రాళ్ల కాజ్‌వే ఉంది, అక్కడ దాటితే నీళ్లు కదలవు. వంటకు మీ వాళ్లనే పెట్టుకుందాం అనుకున్నాం.

జీవాలోళ్ల బిడ్డ:
వంటకు పిలవడం వేరు, అడగడం వేరు. 2006 అటవీ హక్కుల చట్టంలో మేపుకునే హక్కు, నీళ్ల హక్కు ఉన్నాయి, వాటిని తేల్చే పని మొదలయ్యేది గ్రామసభలో. మీరు పర్మిషన్ పైవాళ్లను అడిగారు. ఊళ్లో అడగలేదు.

కోనలో నడక:
ఆ అమ్మాయి చెప్పింది నిజం. అందుకే ఆపేయమంటున్నాను.

జీవాలోళ్ల బిడ్డ:
సార్, నా మాట మీ వాదనలో కలుపుకోవద్దు. రేపు కలివికోడి పేరు చెప్పి మా మేకల్ని కూడా ఆపమంటారు. ఆపాలో వద్దో నేను చెప్పలేదు, ఊళ్లో అడగమన్నాను.

కోనలో నడక:
మేకల గురించి నేనెప్పుడూ ఏమీ రాయలేదమ్మా. కానీ బండ్ల విషయంలో నా మాట మారదు. పర్మిషన్ ఇవ్వొద్దని నేను రాతపూర్వకంగా పెడుతున్నా, దాచిపెట్టి చేయడం లేదు, ఇక్కడే చెబుతున్నా.

సిద్ధవటం కుర్రోడు:
పెట్టండి సార్, అది మీ హక్కు. చెల్లీ, గ్రామసభ అడుగుతాం. ఇప్పటిదాకా అడగనిది మా నలుగురికీ ఇల్లు, పొలం ఒకే వీధిలో ఉన్నాయి కాబట్టి, మాట్లాడుకుంటే సరిపోతుంది అనుకున్నాం.

కడపక్క:
నేను బండ్లకు బుక్ చేయను, పిల్లలతో అసలు చేయను. కానీ తమ్ముడూ, నడక పెడితే మేం నలుగురం వస్తాం, మీరడిగినంత ఇస్తాం, భోజనం మీ ఊళ్లోనే. వానలు తగ్గాక చెప్పండి.

సిద్ధవటం కుర్రోడు:
వస్తామంటే నడక పెడతాం అక్కా. బండ్ల మాట మాత్రం వదిలిపెట్టం.

ప్రొద్దుటూరు మెకానిక్:
కాజ్‌వే మీద అయితే టైరు ఒత్తిడి గొడవే లేదు, రాయి కదా. ఏ మోడల్ కొంటున్నారో చెప్పండి, బ్రేకులు నేను వచ్చి చూసిపెడతా.

జీవాలోళ్ల బిడ్డ:
సభ పగటిపూట పెట్టొద్దన్నా, మా వాళ్లు జీవాలతో కొండ కింద ఉంటారు. పొద్దు గూకినాక పెట్టండి. మా అమ్మ వస్తుంది.