1.2 కిలోల ల్యాప్‌టాప్‌కి 75 వేలు పెట్టవచ్చా? ఉన్నదే మోయాలా?

ఆడిట్_అమ్మాయి
హైదరాబాద్‌లో సీఏ ఆర్టికల్‌షిప్ (ఆడిట్ ఆఫీసులో చేయాల్సిన శిక్షణ) చేస్తున్నాను. రెండేళ్లలో ఏడు నెలలు గడిచాయి. నెలలో పన్నెండు, పదమూడు రోజులు క్లయింట్ల దగ్గరే ఉంటాం. ఎక్కువగా మిర్యాలగూడ రైస్ మిల్లులు. ఎల్బీనగర్‌లో బస్సెక్కి, అక్కడ దిగాక ఆటో పట్టుకుని, మిల్లులో మళ్లీ గోడౌన్ గోడౌన్‌కీ ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకునే తిరగాలి.

నా దగ్గరున్నది అన్నయ్య బీటెక్‌లో వాడిన గేమింగ్ ల్యాప్‌టాప్. 15.6 అంగుళాలు, 2.3 కిలోలు. స్పీడుకి లోటు లేదు. బ్యాటరీ మాత్రం గంటన్నర కూడా రాదు, అందుకని ఇటుకంత ఛార్జర్ కూడా మోయాలి. రెండు నెలలుగా కుడి భుజం లాగుతోంది. నాన్న 75 వేల వరకు ఇస్తానన్నారు. మా సీనియర్ మాత్రం "కిలో బరువు కోసం 75 వేలా? ఇంకో ఏడాదిన్నరేగా, ఓర్చుకో" అన్నారు. ఆ మాట విన్నాక నాన్నని అడగడానికి నోరు రావడం లేదు. వాడినవాళ్లు, బాగుచేసేవాళ్లు చెప్పండి.

నాగోల్_రాయదుర్గం
కొనండమ్మా. నేను ఆరేళ్లు 2.4 కిలోలది పక్క బ్యాగులో వేసుకుని తిరిగాను. ఉదయం మెట్రోలో సీటు దొరకదు, దాదాపు గంట నిలబడే ప్రయాణం. మొదట భుజం లాగింది, తర్వాత మెడ పట్టేసింది, చివరికి వేళ్ల దాకా తిమ్మిరి వచ్చింది. డాక్టర్ దగ్గరికి వెళ్తే నా వయసు కంటే ముందు "బ్యాగు ఏ భుజానికి వేసుకుంటారు?" అని అడిగారు. ఆరు వారాలు ఫిజియోథెరపీకి తిరిగాను. "ఓర్చుకో" అన్నవాళ్లెవరూ అప్పుడు నా వెంట రాలేదు.

ఇప్పుడు మ్యాక్‌బుక్ ఎయిర్ వాడుతున్నాను, 1.24 కిలోలు. ఛార్జర్ ఇంట్లోనే వదిలేసి వెళ్తాను, నా పనికి రోజంతా వస్తుంది. అసలు సుఖం అదే. అయితే ఒకటి నిజం చెప్పాలి. ల్యాప్‌టాప్ తేలికైనంత మాత్రాన తల వంచి చూడటం మానం కదా, ఆ మెడనొప్పి దీనితో పోదు. పోయింది మోత నొప్పి మాత్రమే.

బడి పిల్లల బ్యాగు వాళ్ల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో రాశారు. ఉద్యోగాలకి వెళ్లే మనల్ని ఎవరూ అడగరు. మీ బ్యాగు ఒకసారి తూచి చూడండి.

పార్క్‌లేన్_సర్వీస్
పద్దెనిమిదేళ్లుగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. మేడం గారి నొప్పిని నేను కాదనడం లేదు. కానీ బరువు తగ్గించడానికి కంపెనీలు ఏం తీసేస్తున్నాయో కొనేవాళ్లకి షాపులో ఎవరూ చెప్పరు. నా బల్ల మీదికి వచ్చాకే తెలుస్తుంది.

మొదట తీసేసేది ర్యామ్ స్లాట్, అంటే పని జరిగేటప్పుడు వాడే మెమరీని మార్చుకునే గాడి. పల్చటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. ఇంటెల్ 2024లో తెచ్చిన కోర్ అల్ట్రా 200వీ చిప్పుల్లో అయితే ప్రాసెసర్‌తో పాటే ఉంటుంది, 32 జీబీ దాటదు. 8 జీబీది తీసుకుంటే ఎప్పటికీ 8 జీబీయే. ర్యామ్ పాడైతే మామూలు ల్యాప్‌టాప్‌లో పది నిమిషాల పని. ఇందులో బోర్డే మార్చాలంటారు. ఆ రేటు వినగానే కస్టమర్ మొహం ఎలా మారుతుందో నేను వారానికోసారి చూస్తాను.

రెండోది మూత. మూత పల్చబడేకొద్దీ రద్దీ బస్సులో వెనక నుంచి ఒత్తిడి పడితే డిస్‌ప్లే పగులుతుంది. బయట గీత కూడా ఉండదు, లోపల నల్లటి మచ్చ. వారంటీలోకి రాదు.

మూడోది పోర్టులు. ఆడిట్ చేసేవాళ్లకి డిజిటల్ సంతకం టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి గుచ్చే చిన్న పరికరం), పెన్‌డ్రైవ్ రెండూ పాత వెడల్పు యూఎస్‌బీవే. కొన్ని మోడళ్లలో టైప్-సి తప్ప ఏమీ ఉండదు. ఇక కన్వర్టర్ మోయాలి, దాన్ని ఏ మిల్లులోనో మర్చిపోవాలి. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లోకి నేరుగా ఎక్కదు కాబట్టి మ్యాక్ ఈ అమ్మాయికి పనికిరాదు.

రెవిట్_మాస్టారు
కాకినాడలో సివిల్ పాఠాలు చెబుతాను. మా పిల్లలు రెవిట్, స్టాడ్ లాంటి భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్లు నడపాలి. గంటసేపు పూర్తి స్పీడుతో నడవాలంటే పెద్ద ఫ్యాను, దానికి తగ్గ బరువు ఉండాల్సిందే. తేలికవాటిలో వాడే యు రకం ఇంటెల్ చిప్పులకి 15 వాట్ల కరెంటు లెక్క, గేమింగ్‌వాటిలోని హెచ్ రకానికి 45. చిన్న పెట్టెలో వేడి పోయే దారి లేక చిప్పు తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. కాబట్టి మా బ్రాంచి పిల్లలకి నేను తేలికది వద్దంటాను. ఎక్సెల్, ట్యాలీ వాడే మీకు ఆ బాధ లేదు. మీరు మోస్తున్న గ్రాఫిక్స్ కార్డు మీ పనిలో ఒక్క నిమిషం కూడా అక్కరకి రావడం లేదు.

మిర్యాలగూడ_మిల్లు
మాది మిల్లే. ఆడిట్ పిల్లలు ఆ బరువులు మోసుకుని రావడం ఏటా చూస్తాను. ఒక మాట మర్చిపోతున్నారు మీరంతా: దుమ్ము. తవుడు పొడి గాల్లోనే ఉంటుంది. ఫ్యాను ఉన్న ల్యాప్‌టాప్ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మా గుమస్తాది రెండేళ్లలో రెండుసార్లు విప్పించాం. ఏప్రిల్, మే నెలల్లో మా షెడ్డులో వేడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాను లేనివి మంచివి కావా?

పార్క్‌లేన్_సర్వీస్
దుమ్ము విషయంలో మీ మాట నిజమేనండీ, ఫ్యాను లేనిదానిలోకి తవుడు అంతగా పోదు. వేడి మాత్రం దానికీ కష్టమే. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 2020 నుంచి ఫ్యాను లేదు, దాన్ని 35 డిగ్రీల లోపు వాడమని ఆపిలే చెబుతుంది. మీ దగ్గర ఎండాకాలం పొద్దున పదికే అది దాటిపోతుంది. ఆగిపోదు, నెమ్మదిస్తుంది. బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గుతుంది. విండోస్‌లో తేలికవాటికి ఎలాగూ ఎక్కువగా ఫ్యాను ఉంటుంది. ఆరు నెలలకోసారి శుభ్రం చేయించుకుంటే చాలు.

గుంటూరు_అబ్బాయి
మా బావ వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తున్నాడు. అక్కడ తెప్పించుకుంటే చవక కదా?

పార్క్‌లేన్_సర్వీస్
పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, ఆ ఇబ్బంది లేదు తమ్ముడూ. కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. బోర్డుకే అన్నీ అతికించిన ల్యాప్‌టాప్‌కి వారంటీ లేకపోతే నేను కూడా ఏమీ చేయలేను. ముందు అది కనుక్కోండి.

ఆడిట్_అమ్మాయి
అందరికీ థాంక్స్. నాగోల్ మేడం చెప్పినట్టు మా వీధి కిరాణా కొట్టు కాటా మీద బ్యాగు తూచాను. నిండుగా 6.2 కిలోలు ఉంది. తర్వాత ఒక్కొక్కటీ తీసి తూచాను. ల్యాప్‌టాప్ 2.35, ఛార్జర్ 550 గ్రాములు, లీటరు నీళ్ల స్టీలు సీసా 1.3, టిఫిన్ బాక్సు 700 గ్రాములు, ఫైళ్లు 600, ఖాళీ బ్యాగే 700.

నా బరువు 48 కిలోలు. పదో వంతు అంటే 4.8. సగం లీటరు సీసాకి మారినా 5.7 దగ్గరే ఆగుతుంది. 1.25 కిలోల ల్యాప్‌టాప్, 200 గ్రాముల చిన్న ఛార్జర్ అయితే సీసా మార్చకుండానే 4.75కి వస్తుంది. ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్‌నే తిట్టుకున్నాను, అరకిలో దాటిన ఛార్జర్ సంగతి ఆలోచించనే లేదు. ఇది కిలో తేడా కాదు, దాదాపు కిలోన్నర. మా సీనియర్‌కి ఈ లెక్క చూపిస్తాను.

నాగోల్_రాయదుర్గం
ఇంకా ఆలోచన ఎందుకమ్మా! బ్యాగు మాత్రం రెండు భుజాలకి వేసుకోండి.

పార్క్‌లేన్_సర్వీస్
ఆ లెక్క చూశాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. బరువు తగ్గాల్సిందే. కానీ 75 వేలు అక్కర్లేదు. పెద్ద ఆఫీసులు మూడు, నాలుగేళ్లు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు మా పార్క్‌లేన్‌లో దొరుకుతాయి. ఉదాహరణకి డెల్ లాటిట్యూడ్ 7490. 14 అంగుళాలు, 1.4 కిలోల నుంచి. రెండు ర్యామ్ స్లాట్లు, వెడల్పు యూఎస్‌బీలు, ల్యాన్ పోర్టు కూడా ఉంటుంది. మా దగ్గర పాతిక వేల లోపే. ఒక్కటి గుర్తుంచుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైవే తీసుకోవాలి. ఏడో తరంవి చవకగా అంటగట్టేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

నాగోల్_రాయదుర్గం
పాతదానికి బ్యాటరీ ఎంతసేపు వస్తుందండీ? మళ్లీ ఛార్జర్ మోయించడమేగా! మిల్లులో కరెంటు పోతే? అమ్మాయికి వాళ్ల నాన్న మనస్ఫూర్తిగా ఇస్తానంటున్నారు. ఈ పని తనకి రెండేళ్లతో అయిపోదు, సీఏ అయ్యాక కూడా ఇదే తిరుగుడు. 16 జీబీతో కొత్తది తీసుకుంటే ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు.

పార్క్‌లేన్_సర్వీస్
బ్యాటరీ విషయంలో మీరు చెప్పింది సరే. కొత్త బ్యాటరీ వేయించుకునే తీసుకోవాలి, ఆ ఖర్చు కలిపినా సగం కూడా కాదు. రోజంతా వస్తుందని మాత్రం నేను హామీ ఇవ్వను. టైప్-సి ఛార్జర్ పడుతుంది కాబట్టి చిన్నది ఒకటి బ్యాగులో పడేసుకోవచ్చు. కొత్తదే కొంటానంటే 16 జీబీకి తక్కువ వద్దు. కింద పడినా, నీళ్లు పడినా పనికొచ్చే డ్యామేజీ ప్లాన్ బిల్లుతో పాటే తీసుకోండి. పల్చటివాటికి దాన్ని వదులుకోకూడదు.

రెవిట్_మాస్టారు
14 అంగుళాల తెర మీద రోజంతా ఎక్సెల్ చూడటం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ బ్యాంకులో చేస్తుంది, చిన్న తెరకి మారాక కళ్ల మంట అంది. మీ ఆఫీసులో మానిటర్ ఉంటే పరవాలేదు, లేకపోతే మిగిలే డబ్బుతో ఇంటికి ఒకటి కొనుక్కోండమ్మా.

ఆడిట్_అమ్మాయి
ఆఫీసులో మానిటర్ ఉంది సర్. మిల్లుల దగ్గర ఎలాగూ తప్పదు.

ఆదివారం నాన్నతో కలిసి షాపులకి వెళ్తున్నాం. ముందు కొత్తవి చూసి, తర్వాత పార్క్‌లేన్‌లో పాతవి కూడా చూస్తాం. అన్నిటికీ అడగాల్సినవి రాసుకున్నాను: ర్యామ్ ఎంత, స్లాట్ ఉందా, నా టోకెన్ నేరుగా పడుతుందా, ఏ తరం చిప్పు. టోకెన్ వెంట తీసుకెళ్తాను. బరువు మాత్రం పెట్టె మీద రాసింది నమ్మను, ఛార్జర్‌తో కలిపి తూచమంటాను.