ఊళ్లో ఇల్లు: తాళమా, అద్దెనా, అమ్మకమా?

తెనాలి_అబ్బాయి: మాది తెనాలి పక్క పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది, 74 ఏళ్లు. నేను హైదరాబాద్‌లో, చెల్లి డాలస్‌లో. పై పోర్షన్‌కి మూడేళ్లుగా టూలెట్ బోర్డు వేలాడుతోంది, అడిగిన నాథుడు లేడు. వీధిలో పదకొండు ఇళ్లుంటే నాలుగింటికి తాళాలే. మీరంతా ఏం చేస్తున్నారు?

భీమవరం_బుల్లోడు: తొందరపడి అమ్మకండి అన్నా. మా ఊళ్లోనూ ఇంతే ఉండేది. దగ్గర్లో రొయ్యల ప్లాంటు పెట్టాక ఒడిశా కుర్రాళ్లు గదులు వెతుక్కుంటూ వచ్చారు. మా పాత పెంకుటింట్లో ఆరుగురున్నారు, తలకు 900. కరెంటు బిల్లు దగ్గరే కాస్త గొడవ. పని ఉన్న చోటే ఇంటికి గిరాకీ.

కరీంనగర్_రైతుబిడ్డ: మా దగ్గర నాట్లకు మనవాళ్లు దొరకరు. ఊళ్లో ఉన్నవాళ్లంతా అరవై దాటినవాళ్లే, వంగితే నడుము లేవదు. బిహార్, బెంగాల్ ముఠాలు వచ్చి ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుంటాయి. మా అన్న దుబాయ్‌లో తాపీ పని చేస్తాడు, మా మడిలో బిహార్ వాళ్లు నాటేస్తారు. అక్కడి నుంచి వచ్చిన పైసలు ఇటు నుంచి పోతాయి 😀

గుంటూరు_కోడలు: అద్దె సంగతి సరే, అమ్మగారిని చూసుకునేదెవరండీ? మా అత్తయ్యకి తుంటి ఎముక విరిగాక ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టాం. నెలకు 22 వేలు, కమీషన్ వేరే. ఆ అమ్మాయిది శ్రీకాకుళం వైపు. ఓ రోజు వంటింట్లో ఫోన్లో "నాన్నా, మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతుంటే విన్నాను. ఆయన దగ్గర ఎవరూ లేరట.

లెక్కల_మాస్టారు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలు 2024లో ఎత్తేశారు. సరే, ఇవాళ పుట్టినవాడు పనికి అందడానికి ఇరవై ఏళ్లు. వాడూ హైదరాబాద్ బస్సు ఎక్కడని గ్యారంటీ ఏంటి?

మియాపూర్_కిరాయి: ఆ బస్సు దిగేది మా దగ్గరే మాస్టారూ! డబుల్ బెడ్‌రూమ్‌కి 24 వేలు కడుతున్నా, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. నాన్నని తెచ్చుకుందామని వేరే ఇల్లు చూస్తే, ఓనర్ మొహం మీదే అడిగేశాడు: "పెద్దాయనకి ఇక్కడ ఏమైనా అయితే ఎలాగండీ? మళ్లీ ఎవరూ అద్దెకి రారు."

తెనాలి_అబ్బాయి: ఇవన్నీ అమ్మకి ఫోన్లో చదివి వినిపించా. దుగ్గిరాల వైపు కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఒడిశా జంట ఒకటి ఇల్లు చూసి వెళ్లింది. అద్దె సగం తీసుకుంటాం, రాత్రిళ్లు అమ్మని కాస్త కనిపెట్టుకుని ఉండండి అంటే సరేనన్నారు. "వాళ్లకి తెలుగొచ్చా?" అంది అమ్మ. అంగన్‌వాడీకి వెళ్లే వాళ్ల పాపకి వచ్చట. అగ్రిమెంట్ 11 నెలలకి రాయించుకుంటే చాలా?