తెప్పలుగనా, దెప్పలుగనా? సొరుగు మీద ఏది రాయించాలి

ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత టేకు తలుపుని పైచెక్కగా వేసి పనిబల్ల కడుతున్నాను. ఒక పక్క గాలాలు, రీళ్ళు, బెండ్లు, సీసం గుండ్లు. రెండో పక్క ఉలి, బాడిస, బరమా. కొర్రమీనుకి ఎరగా వాడే రబ్బరు కప్పలకి ఒక సొరుగు విడిగా పెట్టాను. దాని మీద సుమతీ శతకం ముక్క రాయించాలని సరదా, అదే, "దెప్పలుగ జెరువు నిండిన గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ", చెరువు నిండితే కప్పలు పదివేలు చేరతాయన్నది. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. తెప్పలుగనా, దెప్పలుగనా? పెయింటరు శనివారం వస్తాడు, త్వరగా తేల్చండి. జవాబిచ్చేవాళ్ళు పేరు బదులు మీ పేట పేరు రాస్తే చాలు.

నల్లకుంట: దెప్పలుగ. పైపాదం "యెట్లన్నన్" అని ద్రుతంతో, అంటే చివరి నకారంతో, ఆగింది కదా, తకారం దకారం కాక ఏమవుతుంది.

మల్కాజిగిరి: ఆ "అన్నన్" పైపాదంలో ఉంది మాస్టారూ, ఆయన సొరుగు మీద లేదు. ద్రుతం లేని చోట సరళాదేశం, అదే త ద కావడం, ఎక్కడిది? విడిగా రాస్తే తెప్పలుగ అనే రాయాలి. తర్వాత "జెరువు", "నిండిన గప్పలు" మాత్రం అలాగే ఉంచండి, వాటి ముందు ద్రుతాలు పద్యంలోనే దిగాయి.

నల్లకుంట: పద్యాన్ని ముక్క చేసినా పద్యమే. నోటికి వచ్చింది వచ్చినట్టు రాయాలి గానీ సొరుక్కి తగ్గట్టు వ్యాకరణం మారుతుందా?

అత్తాపూర్: కప్పలు అని రాస్తే యతి పోతుంది, జాగ్రత్త.

మల్కాజిగిరి: పోదు. అవతల "గదరా" ఉంది, రెండూ ఒకే వర్గం గనక క-గలకి వర్గయతి చెల్లుతుంది. ప్రాస "ప్ప" ఎటూ కదలదు.

కూకట్‌పల్లి: అక్షరం సంగతి సరే, అర్థం ఎవరూ అడగరేం? టీకల్లో "నిండుగా" అని రాసి వదిలేస్తారు. నా లెక్కలో అది తెప్పే, నీటి మీద తేలేది. తెప్పలు వేసుకుని తిరిగేంతగా చెరువు నిండిందని. 2020 అక్టోబరు వానలప్పుడు టోలీచౌకీలో వీధుల్లో పడవలు తిరగలేదా? నిండటమంటే అదీ!

మల్కాజిగిరి: తమ్ముడూ, "కుప్పలు తెప్పలుగా" అంటాం, అక్కడ ఏ పడవ తిరుగుతోంది? సమృద్ధిగా అని, అంతే.

కూకట్‌పల్లి: అదే నేననేది అన్నా. నేల మీద పోస్తే కుప్ప, నీటి మీద కడితే తెప్ప. జంటపదంలో రెండోదానికి సొంత అర్థం లేదని ఎవరన్నారు?

అత్తాపూర్: హైదరాబాదులో కూర్చుని తెప్ప అంటున్నారు గానీ అది సముద్రం ఒడ్డున దుంగలు కట్టి చేసేది. మా నాగార్జునసాగర్ వైపు గుండ్రటి పుట్టి. ఇక్కడ చెరువుల్లో థర్మాకోల్ షీటు మీద కూర్చుని వల వేస్తారు.

కూకట్‌పల్లి: భద్రాద్రి రాముడు గోదావరిలో ఊరేగేది తెప్పోత్సవంలోనే కదన్నా, పుట్టి ఉత్సవం కాదుగా.

మౌలాలి: వ్యాకరణం మీరు తేల్చుకోండి, నేను వడ్రంగం చెప్తాను. తడిసిన వల సొరుగులో పెట్టి మూయకండి, ఆరాకే. నైలాన్ దారం ఎండ తగిలితే పెళుసవుతుంది, రీళ్ళు కిటికీ పక్కన వద్దు. సొరుగు అడుగున సన్నటి బెజ్జాలు వేస్తే గాలి ఆడి గాలాలు తొందరగా తుప్పు పట్టవు. షెడ్డులో చెమ్మ ఉంటే ప్లై 710 గ్రేడు తీసుకోండి. పట్కార్లు, మరబిగింపు కావాలంటే గురువారం జుమ్మేరాత్ బజార్ వెళ్ళండి, పాతవి దొరుకుతాయి. పైచెక్క చిత్రిక పట్టే ముందు పాత మేకులన్నీ పీకండి, లేకపోతే కత్తి పోతుంది.

నల్లకుంట: అసలు చేపలు పట్టేవాడికి ఆ పద్యమెందుకండీ, డబ్బు చూసి చేరే చుట్టాల మీద తిట్టది. పోతన గజేంద్రమోక్షం ఉండగా! "కరిఁ దిగుచు మకరి సరసికిఁ గరి దరికిని మకరిఁ దిగుచు", గాలం కర్రలు నిలబెట్టే చోట ఇది రాయించండి. మొసలి ఏనుగుని నీళ్ళలోకి, ఏనుగు మొసలిని గట్టు మీదికి లాగడం. పెద్ద బొచ్చె పడినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. పైగా తిగుచు కాదు, దిగుచు, కరిన్ మీది ద్రుతం వల్ల. నేను మొదట చెప్పిందీ అదే.

మల్కాజిగిరి: అక్కడ "కరిఁ" పక్కనే ఉంది మాస్టారూ! మీ ఉదాహరణ నా వైపే పడింది.

అత్తాపూర్: ఆ పాదం చివర "కరకరి బెరయన్"లో కరకరి అంటే పంతమా, క్రౌర్యమా?

నల్లకుంట: పంతం.

కూకట్‌పల్లి: మాస్టారూ, మొసలికి పంతమేమిటండీ, ఆకలి గానీ.

నల్లకుంట: అయితే పద్యం మొత్తం పెట్టి మాట్లాడుకుందాం. రాత్రికి రాస్తాను.

మౌలాలి: సొరుగు లోతెంత పెట్టారో చెప్పలేదు. రబ్బరు కప్పలకి నాలుగంగుళాలు చాలు.