పేదోళ్లు ప్రమాదం తెలియకే బీడీ తాగుతున్నారా?

తాడిపత్రి బండల పని:
మొన్న మా గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో పొగాకు మీద మీటింగ్ పెట్టారు, పోతూ పోతూ ఒకాయన "వీళ్లకు చదువు లేదు, ప్రమాదం అర్థం కాదు" అన్నాడు. ఆ మాటకు చాలా బాధేసింది. కట్ట మీద క్యాన్సర్ బొమ్మ రోజూ చూసేది మేమే, ఆ జబ్బుతో మా వీధిలో మనిషి పోతే మోసిందీ మేమే. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుమ్ము లోపలికి పోతానే ఉంటే దాని ముందు బీడీ ఎంతలే అనిపిస్తుంది, పైగా మేస్త్రీ ఏమీ అనకుండా ఐదు నిమిషాలు కూర్చోనిచ్చేది బీడీ ముట్టించినప్పుడే. మేం తెలియకే తాగుతున్నామంటారా?

కర్నూలు చదువరి:
తెలియదన్నది తప్పన్నా. 2016-17లో కేంద్ర ఆరోగ్య శాఖ చేయించిన సర్వేలో నూటికి 92 మంది పెద్దవాళ్లు పొగ తాగితే పెద్ద జబ్బులొస్తాయనే చెప్పారు, అయినా అప్పటికి 28 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. ధర పెంచి, విడిగా అమ్మడం ఆపాల్సిందే.

ఆదోని ఆశా:
ధర పెంచితే మా ఊళ్లో కొందరు బీడీ తగ్గించరు, ఇంట్లో కూరగాయలు తగ్గిస్తారు తమ్ముడూ. అందరికీ తెలుసు అనేస్తే కూడా ఎలా? చెడ్డదా అని అడిగితే ఎవరైనా చెడ్డదే అంటారు. ఇంటింటికీ తిరిగితే వినబడేది వేరే. ఆకుతో చుట్టింది కాబట్టి బీడీ సిగరెట్ అంత చెడ్డది కాదంటారు, నిజానికి అది మాటిమాటికీ ఆరిపోతుంది, ఆరకుండా గట్టిగా, ఎక్కువసార్లు పీల్చాలి, ఆ తారంతా లోపలికే. మిరప కోతలకు గుంటూరు పోయే ఆడవాళ్లు ఆకు వక్కలో వేసుకునే పొగాకును లెక్కలోకే తీసుకోరు. పంటి నొప్పి తగ్గుతుంది, ఆకలి తెలియదు అంటారు, ఆ రెండూ కాసేపటికి నిజమే, అందుకే మనం వద్దంటే నమ్మరు. నోట్లో తెల్ల మచ్చ వస్తే కారం ఎక్కువైందనుకొని ఊరుకున్న పెద్దమ్మను నేనే పెద్దాసుపత్రికి తీసుకుపోయినా.

తాడిపత్రి బండల పని:
బీడీ తేలికని నేనూ నమ్మినా అక్కా, ఒప్పుకుంటా. మరి మీటింగ్‌లో అది చెప్పలేదే. దుమ్మూ పొగా కలిస్తే ఊపిరితిత్తులు ఇంకా తొందరగా పాడవుతాయని మాకు చెప్పలేదు, బండ కోసేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు పెట్టించమని ఓనర్‌కూ చెప్పలేదు. నేను మూడుసార్లు మానినా, ప్రతిసారీ రెండో రోజుకే తల పగిలిపోయి, పిల్లల మీద అరిచి, మళ్లీ ముట్టించినా. అది పొగాకులో ఉండే నికోటిన్ అందక వచ్చే బాధ అనీ, దానికి నమిలే నికోటిన్ గమ్ ఉందనీ, 1800-11-2356కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారనీ ఈ నెలలోనే తెలిసింది.

ఆదోని ఆశా:
నాలుగోసారి మానేటప్పుడు ఒక్కడివే వద్దు, పక్కన పనిచేసే ఇంకొకరిని కలుపుకో తమ్ముడూ. మీలో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటి ఉంటే ముందు టీబీ ఉందేమో చూసే కఫం పరీక్షకు పంపు, సర్కారు ఆసుపత్రిలో ఉచితమే.