తేనీరు అనే మాటలో తేనె ఉందా?

మొన్న ఇక్కడ ఒక పోస్టులో ఒకరు ‘తేనీరు అంటే తేనెలాంటి నీరు, మనవాళ్లు ఎంత చక్కగా పెట్టారో’ అని రాస్తే చాలామంది మెచ్చుకున్నారు. మాట చక్కనిదే, నాకూ ఇష్టమే. కానీ అందులో తేనె లేదండీ.

నేనుండేది చెన్నైలో, మాంబళంలో. ఇక్కడ టీకొట్ల బోర్డుల మీద తమిళంలో ‘తేనీర్’ అని ఉంటుంది. మన ‘న’కు వాళ్లకు రెండు అక్షరాలున్నాయి, మాట మొదట్లో వచ్చేది ఒకటి, మధ్యలో, చివర్లో వచ్చేది ఇంకొకటి. తేన్ అంటే తేనె, దానికి రెండో న. నీర్‌కి మొదటి న. టీ అనే అర్థంలో రాయాల్సింది మొదటి నతో, అంటే తే (టీ) + నీర్. రెండోది పెడితే తేనెనీళ్లయిపోతుంది, ఆ తప్పు ఇక్కడి బోర్డుల మీదా కనిపిస్తుంటుంది. మనకున్నది ఒక్కటే న కాబట్టి తేడా కంటికి ఆనదు, అలా తేనె వచ్చి చేరింది.

తమిళం దాకా పోనక్కర్లేదు, తేయాకునే చూడండి. తే + ఆకు, మధ్యలో యడాగమం. అక్కడ తేనె జాడే లేదు కదా!

‘మరి తేనీగ?’ అని ఆ పోస్టు కింద అడిగారు, మంచి ప్రశ్న. ఈగ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి తేనెలో చివరి ఎ పోయింది. నీరు హల్లుతో మొదలవుతుంది, అక్కడ ఎ పోదు. తేనెపట్టు, తేనెతుట్టె అన్నట్టే తేనెనీరు అనాలి.

ఈ ‘తే’ చైనాలో ఫుజియన్ తీరపు మాట. డచ్చి వర్తకులు ఓడల్లో యూరప్‌కి తీసుకెళ్తే ఇంగ్లీషులో టీ అయింది. చైనాలోనే ఇంకోచోట ‘చా’ అంటారు, అది పారసీకం మీదుగా చాయ్ అయి హైదరాబాద్ చేరింది.

నా మట్టుకు, పాలుపోసి మరిగించినదాన్ని టీ అనో చాయ్ అనో అంటాను, ఆకు టీకే తేనీరన్న పేరు సరిగ్గా అతుకుతుంది. ఆకు, నీరు, అంతే. మా ఇంట్లో కూనూరు ఆకు వాడతాం, పొడి కాదు, తీగలా మెలితిరిగిన ఆకు. 200 మిల్లీలీటర్ల నీళ్లు తెర్లగానే స్టవ్ కట్టేసి, ఒక చెంచా, అంటే సుమారు 2 గ్రాముల ఆకు వేసి మూతపెట్టి మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆకుని మరిగిస్తే, వడకట్టేటప్పుడు చెంచాతో పిండితే వగరు దిగుతుంది. గ్రీన్ టీకైతే నీళ్లు కాస్త చల్లారాకే పోయాలి, 80 డిగ్రీలు చాలు. నీళ్లు కూడా ముఖ్యం. మా బోరునీళ్లతో పెడితే పైన సన్నటి తెట్టు కట్టి రంగు మసకబారుతుంది, క్యాన్ నీళ్లతో పెడితే గ్లాసు అడుగు కనిపిస్తుంది. మూత తీసి చూస్తే మెలికలు విప్పుకుని ఆకు ఆకులా పరుచుకుని ఉంటుంది, అది చూస్తే ‘తేయాకు’లో ఆకు ఎందుకుందో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

మూతపెట్టి వదిలే ఈ పనికి మన క్రియ ఏది? మా అమ్మ కాఫీకి ‘డికాషన్ దిగిందా?’ అనేది. నేను టీకీ అదే వాడుతున్నాను, ఆకు దిగనివ్వు అని. టీ పెట్టడం, కాచడం, కలపడం కాకుండా మీ ఇళ్లలో ఇంకేమంటారు? బెంగళూరు వాళ్లు కూడా చెప్పండి.